ఎత్తలేని చెయ్యి

2017 జూన్ 21, బుధవారం రాత్రి. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ మ్యాచ్ జరుగుతోంది, అయిపోవడానికి మూడు నిమిషాలుంది. స్కోరు 16–16. మా హాల్లో టీవీ ముందు నిలబడి ఉన్నాను, కూర్చోవడం నావల్ల కావడం లేదు. క్వీన్స్‌లాండ్ ఆటగాడు జొనాథన్ థర్‌స్టన్ బంతిని నేల మీద నిలబెట్టి, కొలుచుకున్నట్టుగా అడుగులు వెనక్కి వేశాడు. ఒక చెయ్యి మాత్రం ఒంటికి అతుక్కుని ఉంది. భుజం అప్పటికే పోయింది. ఆ చేత్తో ఎవరినీ ఆపలేడని, పైకి ఎత్తలేడని చూసేవాళ్ళందరికీ తెలుస్తోంది. అయినా మైదానం వదలలేదు. పరుగెత్తి వచ్చి తన్నాడు. బంతి రెండు స్తంభాల మధ్యనుంచి పోయింది. క్వీన్స్‌లాండ్ 18, న్యూ సౌత్ వేల్స్ 16.

నేను వేసిన కేకకి లోపల పడుకున్న మావాడు ఉలిక్కిపడి లేచి ఏడ్చాడు. వాడికప్పుడు రెండేళ్ళు. వాణ్ణి ఎత్తుకుని మళ్ళీ టీవీ ముందుకే వచ్చాను. మగాడంటే ఇలా ఉండాలి అని మా ఆవిడతో అన్నాను. ఆ మాట నాకు బాగా గుర్తుంది.

ఆ రోజు తర్వాత థర్‌స్టన్ మళ్ళీ క్వీన్స్‌లాండ్ చొక్కా వేసుకోలేదు. భుజానికి ఆపరేషన్ అయింది, ఆ సీజన్ అక్కడితో ముగిసింది. ఆరిజిన్ అంటే క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాలు ఏటా ఆడే మూడు మ్యాచ్‌ల సిరీస్. అందులో క్వీన్స్‌లాండ్ మొదటి మ్యాచ్ ఓడిపోయి ఉంది. ఈ రెండోది కూడా పోతే సిరీసే పోయేది. థర్‌స్టన్ తన్నిన ఆ తన్ను వల్ల మూడో మ్యాచ్‌కి లెక్క సమమైంది, మూడోది గెలిచి సిరీస్ కూడా గెలిచారు. అందుకే ఆ దృశ్యాన్ని ఇక్కడ ఇప్పటికీ వేస్తూనే ఉంటారు. ఏటా ఆరిజిన్ వచ్చే ముందు రోజుల్లో ఏ చానెల్ తిప్పినా ఆ ఒంటి చెయ్యి కనిపిస్తుంది.

ఎనిమిదేళ్ళ పాటు నేను ఆ దృశ్యాన్ని ప్రేమించాను. ఇప్పుడు అది చూస్తే కడుపులో తిప్పినట్టు ఉంటోంది. ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మావాడికి ఇప్పుడు పదేళ్ళు. మేముండేది సిడ్నీ పశ్చిమాన. వెంట్‌వర్త్‌విల్, టూంగాబీ, పెండిల్ హిల్ అంటే ఇక్కడి తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. శనివారం సాయంత్రం ఏ షాపుకి వెళ్ళినా మన మాట వినపడే ప్రాంతం. మన పిల్లలు ఎక్కువగా క్రికెట్‌కి వెళ్తారు, లేదంటే ట్యూషన్‌కి. మావాడు మాత్రం రగ్బీ లీగ్ అన్నాడు. పారమాటా ఈల్స్ స్టేడియం మాకు రైల్లో పావుగంట దూరం, స్కూల్లో సగం మంది ఆ నీలం పసుపు చొక్కాలే వేసుకుంటారు, వాడి కోరికలో వింతేమీ లేదు. మా ఆవిడ వద్దంది. నేనే పట్టుబట్టి దగ్గర్లోని క్లబ్బులో చేర్పించాను.

మొన్న చలికాలంలో ఒక శనివారం పొద్దున, బంతి పట్టుకుని పరుగెత్తుతున్న పిల్లాణ్ణి ఆపబోయి మావాడి తల అవతలి పిల్లాడి తుంటికి తగిలింది. కూర్చుండిపోయాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. నేను గీత అవతలి నుంచి "ఏం కాలేదురా, పరుగెత్తు!" అని అరిచాను, చప్పట్లు కూడా కొట్టాను. వాడు నా వైపు చూసి నవ్వే ప్రయత్నం చేసి పరుగెత్తాడు, కాని ఆట ఒక పక్కన జరుగుతుంటే రెండో పక్కకి.

ఒక ట్రైనర్ మైదానంలోకి వచ్చి వాడి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి, ఆమె మనవడు కూడా అదే జట్టులో ఆడతాడు. మోకాళ్ళ మీద కూర్చుని వాణ్ణి అడిగింది: మనం ఇప్పుడు ఏ మైదానంలో ఉన్నాం, పోయిన వారం ఎవరితో ఆడాం, ఇందాక ట్రై చేసింది ఎవరు? మూడోదానికి వాడు తప్పు చెప్పాడు. ఆ ట్రై చేసింది, అంటే బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనించింది, వాడే.

నేను ఆవిడతో వాదించాను. వాడు బాగానే ఉన్నాడు కదా, ఇంకా పదిహేను నిమిషాల ఆట ఉంది కదా అన్నాను. వాడు కూడా ఏడుస్తూ ఆడతానన్నాడు. ఆవిడ గొంతు పెంచలేదు. "ఈ రోజుకి ఆడడు" అని ఒక్క మాట చెప్పి వాడి భుజాల మీద దుప్పటి కప్పింది. సాయంత్రానికి వాడికి వాంతులయ్యాయి. డాక్టర్ కంకషన్ అని, అంటే దెబ్బకి మెదడు అదిరిందని చెప్పి మూడు వారాలు ఆట వద్దంది.

ఆ రాత్రి వాడి పక్కనే పడుకుని, గంటకోసారి లేచి చూస్తూ, నేను ఎందుకు చప్పట్లు కొట్టానా అని ఆలోచించాను. నా బిడ్డకు దెబ్బ తగలాలని నేను కోరుకోను. దెబ్బ తగిలినా లేచి ఆడాలని మాత్రం కోరుకున్నాను. ఆ కోరిక ఎక్కడిది?

కొంత మా ఊరిది. తెనాలికి దగ్గర్లో ఉండే మా ఊళ్ళో సంక్రాంతికి చెడుగుడు పోటీలు జరిగేవి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జట్లు వచ్చేవి. మా పెదనాన్న గారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, మా జట్టులో గట్టి పట్టు పట్టేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడాది ఫైనల్లో కూతకొచ్చిన వాణ్ణి పట్టబోయి కింద పడ్డాడు, జబ్బ ఎముక విరిగింది. తువ్వాలుతో చేతిని మెడకి బిగించి కట్టించుకుని మళ్ళీ బరిలోకి దిగాడు. ఊరు ఊరంతా ఈలలు. షీల్డు మాకే వచ్చింది. అన్నయ్యని భుజాల మీద ఎక్కించుకుని వీధులన్నీ తిప్పారు, విరిగిన జబ్బతోనే.

ఎముక వంకరగా అతుక్కుంది. అన్నయ్యకి ఇప్పుడు యాభై దాటాయి. చొక్కా తొడుక్కునేటప్పుడు ముందుగా ఆ చేతిని మరో చేత్తో పట్టుకుని చేతి సంచిలో దూర్చినట్టు చొక్కాలోకి దూర్చి, తర్వాత మిగతా చొక్కా లాక్కుంటాడు. మందు కొట్టే పంపు భుజాన వేసుకోలేడు, ఆ పనికి ఎప్పుడూ కూలీని పెట్టుకోవాల్సిందే. షీల్డు పంచాయతీ ఆఫీసు బీరువాలో చాలా రోజులు ఉండేది, తర్వాత ఏమైందో ఎవరికీ తెలియదు.

రగ్బీ లీగ్ మొదటిసారి చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది చెడుగుడే. ఒకడు దూసుకొస్తాడు, ముగ్గురు నలుగురు పట్టుకుని పడగొడతారు. ఇక్కడ జట్టుకి 13 మంది, ఆట 80 నిమిషాలు. బంతి చేతిలో ఉన్న జట్టుకి ఆరుసార్లు పడే అవకాశం ఉంటుంది, ఆరోసారి పడితే బంతి అవతలి వాళ్ళది. అందుకని ప్రతి ఒక్కసారీ ఎవరో ఒకరు బంతి గుండెకి హత్తుకుని, ఎదురుగా నిలబడ్డ గోడలాంటి మనుషుల మీదికి నేరుగా పరుగెత్తాలి. ముందు వరసలో ఆడేవాడు ఒక్క మ్యాచ్‌లో 30, 40 సార్లు అవతలి వాళ్ళని పట్టి పడగొడతాడు. ఒక్కొక్కడు వంద కిలోలు. చెడుగుడులో కూత ఆగితే ఆట కాసేపు ఆగుతుంది. ఇక్కడ ఆగదు.

ఇలాంటి ఆటలో థర్‌స్టన్ 17 సీజన్లు ఆడాడు. అతని సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా వాదనంతా అతని మీద ఉన్న ప్రేమ నుంచే వచ్చింది.

1983లో బ్రిస్బేన్‌లో పుట్టాడు. తల్లి ఆదివాసీ మూలాలున్న మనిషి, తండ్రి న్యూజీలాండ్ వాడు. కుర్రాడు మరీ సన్నగా ఉన్నాడని, ఈ ఆటకి ఆ ఒళ్ళు చాలదని చాలా క్లబ్బులు వద్దన్నాయి. చివరికి సిడ్నీలో కాంటర్‌బరీ బుల్‌డాగ్స్ తీసుకుంది. 2002లో మొదటి మ్యాచ్. 2004లో బుల్‌డాగ్స్ ఫైనల్‌కి వచ్చేసరికి కెప్టెన్ స్టీవ్ ప్రైస్‌కి గాయమైంది, ఆ ఖాళీతో థర్‌స్టన్‌కి బెంచీ మీద చోటు దొరికింది. సిడ్నీ రూస్టర్స్ మీద 16–13తో గెలిచారు. గెలిచిన జట్టులో ఆడిన ప్రతివాడికీ ఒక ఉంగరం ఇస్తారు. ఆ ఉంగరం కోసం పదిహేనేళ్ళు ఆడి కూడా దక్కకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఎందరో. 21 ఏళ్ళ కుర్రాడు తన ఉంగరం తీసుకెళ్ళి స్టీవ్ ప్రైస్‌కి ఇచ్చేశాడు. ఆ చోటు ఆయనదే కాబట్టి ఉంగరమూ ఆయనదే అనుకున్నాడు. మళ్ళీ తనకంటూ ఒకటి రావడానికి 11 ఏళ్ళు పట్టింది.

2005లో నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్‌కి మారాడు. టౌన్స్‌విల్ వాళ్ళ ఊరు, బ్రిస్బేన్‌కి 1300 కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉంటుంది. ఆటలో పేరు, డబ్బు, టీవీ కెమెరాలు అన్నీ దక్షిణాదివే అని అక్కడివాళ్ళకు ఎప్పుడూ ఒక బాధ. క్లబ్బు 1995లో మొదలైంది, ఒక్కసారీ టైటిల్ గెలవలేదు. థర్‌స్టన్ వెళ్ళిన ఏడాదే ఫైనల్ దాకా తీసుకెళ్ళాడు, వెస్ట్స్ టైగర్స్ చేతిలో ఓడిపోయారు. తర్వాత ఏళ్ళ తరబడి దగ్గరికి రావడం, జారిపోవడం. ఈలోగా అతను ఏడాదిలో మేటి ఆటగాడికిచ్చే డాలీ ఎం పతకం నాలుగుసార్లు గెలుచుకున్నాడు. క్వీన్స్‌లాండ్ తరఫున ఒక్కటి కూడా వదలకుండా వరసగా 36 ఆరిజిన్ మ్యాచ్‌లు ఆడాడు.

నేను ఇండియా నుంచి మొదట దిగింది బ్రిస్బేన్‌లోనే. ఆఫీసులో నా పక్క సీటు ఆయన టౌన్స్‌విల్ మనిషి. ఆట నాకు నేర్పింది ఆయనే. బంతి ఎక్కడుందో చూడకు, 7వ నంబర్ చొక్కా వాడు ఎటు చూస్తున్నాడో చూడు అనేవాడు. ఆ కిటుకు పట్టుకున్నాక ఆట నాకు వేరేగా కనిపించడం మొదలైంది. థర్‌స్టన్ బంతి చేతిలో ఉండగా ఒక పక్కకి చూస్తూ నడిచినట్టే కదులుతాడు, ఎదుటి ముగ్గురూ అటు ఒరుగుతారు, అప్పుడు ఎవరూ లేని ఇంకో పక్కకి బంతి వెళ్ళిపోతుంది. ఆ చోటు ఖాళీ అవుతుందని అతనికి ముందే తెలుసు. చదరంగం ఆడేవాడి బుర్ర, రౌడీ మూక మధ్యలో.

2015 అక్టోబర్ 4న ఫైనల్ ఆ టౌన్స్‌విల్ ఆయన ఇంట్లో చూశాను. ఎదురుగా బ్రిస్బేన్ బ్రాంకోస్. ఆఖరి క్షణాల వరకు బ్రాంకోస్ 16–12తో ముందున్నారు. ఇక అయిపోయిందనుకున్నప్పుడు బంతి మైకేల్ మోర్గన్ చేతికి వచ్చింది, అతను మీద పడుతున్న వాళ్ళ మధ్యనుంచి చేతిని తిప్పి కైల్ ఫెల్ట్‌కి విసిరాడు. మైదానం మూలలో ట్రై. స్కోరు 16–16, సమయం అయిపోయింది. థర్‌స్టన్ అంచు దగ్గర్నుంచి తన్నాల్సిన ఒక్క తన్ను మిగిలింది. అది పడితే గెలుపు. బంతి గాల్లో వంపు తిరుగుతూ వెళ్ళి స్తంభానికి కొట్టుకుని బయటికి పడింది. మా స్నేహితుడు సోఫాలో వెనక్కి కూలబడి కళ్ళు మూసుకున్నాడు.

అదనపు సమయం మొదలైంది. ముందు ఒక్క పాయింటు ఎవరు సాధిస్తే వాళ్ళదే గెలుపు. మొదటి బంతినే బ్రాంకోస్ ఆటగాడు బెన్ హంట్ పట్టుకోబోయి జారవిడిచాడు. కాసేపటికి థర్‌స్టన్ ఆట మధ్యలోనే తన్నిన బంతి స్తంభాల మధ్యకి వెళ్ళింది. 17–16. టౌన్స్‌విల్‌కి మొదటి టైటిల్. తర్వాత కెమెరా చూపించింది: అలసిపోయి గడ్డి మీద కూర్చున్న థర్‌స్టన్, ఒళ్ళో చిన్న కూతురు, ఆ పిల్ల చేతిలో నల్లటి చర్మం ఉన్న బొమ్మ. మా స్నేహితుడు ఆ బొమ్మను చూసే ఏడ్చాడు. ఆయన భార్య కూడా ఆదివాసీయే.

ఇంకొక అలవాటు చెప్పాలి. థర్‌స్టన్ తలకి మెత్తటి హెడ్‌గేర్ పెట్టుకుని ఆడేవాడు. మ్యాచ్ అవగానే జనం దగ్గరికి వెళ్ళి ఎవరో ఒక పిల్లాడికో పిల్లకో దాన్ని ఇచ్చేసేవాడు. గెలిచినా ఇచ్చేవాడు, ఓడినా ఇచ్చేవాడు. 2018లో 35 ఏళ్ళ వయసులో ఆట మానేసే నాటికి 323 క్లబ్బు మ్యాచ్‌లు. ఎన్ని ఇళ్ళల్లో అవి దాచి ఉంటాయో!

ఇదీ మనిషి. ఉంగరం, బొమ్మ, హెడ్‌గేర్, ఖాళీ చోటుని ముందే చూడగల ఆ చూపు. ఇన్ని ఉండగా మనం ఎక్కువగా చూపించుకునేది, పిల్లలకు చెప్పుకునేది ఆ పోయిన భుజం గురించి. నా అభ్యంతరం అక్కడ మొదలవుతుంది. నొప్పిని ఓర్చుకోవడం అతని గొప్పతనంలో అన్నిటికంటే తక్కువ భాగం. ఆ పని మా అన్నయ్య కూడా చేశాడు. ఆరిజిన్‌లో ఆడే ఏ ఆటగాడైనా చేస్తాడు, అడిగితే రిజర్వ్ జట్టులో ఆడే కుర్రాడు కూడా చేస్తాడు. ఖాళీ చోటుని ముందే చూడడం ఇంకెవరికీ చేతకాదు. మనం మాత్రం మనకు తేలిగ్గా అర్థమయ్యేదాన్ని పట్టుకుని దానికే దండం పెడుతున్నాం.

ఈ ఆట పుట్టుక తెలిస్తే ఇది ఇంకా బాధ కలిగిస్తుంది. ఇంగ్లండ్ ఉత్తరాన, యార్క్‌షైర్, లాంకషైర్ గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు రగ్బీ ఆడేవారు. అప్పట్లో శనివారం కూడా పని ఉండేది. ఆటకి వెళ్తే కూలి పోయేది, గాయపడితే వారాల తరబడి పోయేది. ఆ పోయిన కూలి, రోజుకి 6 షిల్లింగులు, క్లబ్బులు ఇచ్చుకోనివ్వండి అని అడిగారు. ఆటని డబ్బుతో మైల పరచకూడదన్నారు ఆట పెద్దలు, కూలి పోతుందన్న భయం ఎన్నడూ లేనివాళ్ళు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు కూర్చుని వేరుపడ్డాయి. రగ్బీ లీగ్ అక్కడ పుట్టింది.

ఆస్ట్రేలియాలో కథ మరీ సూటిగా ఉంటుంది. 1907లో అలెక్స్ బర్డన్ అనే ఆటగాడు ఆటలో గాయపడి పనికి పోలేకపోయాడు. రగ్బీ సంఘం వాళ్ళు అతనికి నష్టపరిహారం ఇవ్వలేదు. దాని మీద రేగిన కోపంతో సిడ్నీలో కొందరు రహస్యంగా కలుసుకోవడం మొదలుపెట్టారు. ఎక్కడనుకున్నారు? విక్టర్ ట్రంపర్ గారి స్పోర్ట్స్ షాపులో. 1902లో ఓల్డ్ ట్రఫర్డ్‌లో టెస్టు మొదటి రోజు లంచ్‌కి ముందే సెంచరీ కొట్టిన ఆ ట్రంపరే. క్రికెట్ దేవుళ్ళలో ఒకడు గాయపడ్డ రగ్బీ ఆటగాడి కూలి కోసం నిలబడ్డాడని తెలిసిన రోజు నాకు ఆయన మీద గౌరవం రెట్టింపైంది. 1907 ఆగస్టులో రగ్బీ లీగ్‌కి వేరే సంఘం పెట్టారు, ఆయనే మొదటి కోశాధికారి. మరుసటి ఏడాది పోటీలు మొదలయ్యాయి.

అంటే ఇక్కడ ప్రొఫెషనల్ అన్న మాటకి మొదటి అర్థం, గాయపడినవాడు ఇంట్లో కూర్చోగలగడం. ఇవాళ అదే మాటకి గాయపడినా ఆడేవాడు అని అర్థం చెప్పుకుంటున్నాం.

2015లో కౌబాయ్స్ కోచ్ పాల్ గ్రీన్. తనూ ఒకప్పుడు హాఫ్‌బాక్‌గా, అంటే ఆటని నడిపించే 7వ నంబర్ స్థానంలో ఆడినవాడే, పొట్టిగా, చురుగ్గా, తనకంటే బాగా పెద్దవాళ్ళని ఆపుతూ. 1995లో లీగ్‌లో ఉత్తమ ఆటగాడిగా రాత్‌మన్స్ పతకం గెలిచాడు. ఆ ఫైనల్ రాత్రి అతని ముఖంలో వెలుగు నాకింకా కళ్ళకు కట్టినట్టు ఉంది. 2022 ఆగస్టులో 49 ఏళ్ళకే పోయాడు. కుటుంబం అతని మెదడుని సిడ్నీలోని ఆస్ట్రేలియన్ స్పోర్ట్స్ బ్రెయిన్ బ్యాంక్‌కి ఇచ్చింది. సీటీఈ అనే జబ్బు, అదీ బాగా ముదిరిన స్థితిలో ఉందని అక్కడి ప్రొఫెసర్ మైకేల్ బక్‌లాండ్ చెప్పారు. తలకి ఏళ్ళ తరబడి పదే పదే తగిలే దెబ్బల వల్ల మెదడులో ఒక రకం ప్రొటీన్ పేరుకుపోతుంది. జ్ఞాపకం, మూడ్, కోపతాపాల మీద అదుపు, ఒక్కొక్కటీ చెదిరిపోవచ్చు. ఖాయంగా తేల్చడం మనిషి పోయాక మాత్రమే సాధ్యం. ఒక మనిషి మరణానికి ఇదే కారణమని ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు, నేనూ చెప్పడం లేదు. ఆ మెదడులో ఆ జబ్బు ఉందన్నది మాత్రం నిజం.

వాలీ లూయిస్ సంగతి చూడండి. 1980లలో క్వీన్స్‌లాండ్‌కి రాజు అని పిలిచేవారు, బ్రిస్బేన్ స్టేడియం బయట ఆయన విగ్రహం ఉంది. తనకి సీటీఈ ఉండే అవకాశం బలంగా ఉందని డాక్టర్లు చెప్పారని, మతిమరుపు పెరుగుతోందని 2023లో ఆయనే బయటపెట్టాడు.  బ్రిస్బేన్‌లో ఉన్న రోజుల్లో నేనూ ఆ విగ్రహం పక్కన నిలబడి ఫొటో దిగాను.

కాలం మారిందంటారు, కొంత నిజమే. ఇప్పుడు ఇక్కడి పెద్ద లీగ్ ఎన్ఆర్ఎల్‌లో కంకషన్ అని తేలితే మామూలుగా కనీసం 11 రోజులు ఆడనివ్వరు. జట్టుకి సంబంధం లేని డాక్టర్ వీడియో చూస్తూ, అనుమానం వస్తే బయటికి పిలుస్తాడు. సిడ్నీ రూస్టర్స్ కెప్టెన్‌గా ఉన్న బాయ్డ్ కార్డ్‌నర్ 2021లో, 29 ఏళ్ళకే, తలదెబ్బల వల్ల ఆట మానేశాడు. పెద్ద కాంట్రాక్టు, కెప్టెన్సీ వదులుకుని మరీ మానేశాడు. నాకు అడిగితే ఆ నిర్ణయం ఏ ఆరిజిన్ తన్నుకీ తీసిపోదు. ఏటా ఆ రోజుని టీవీలో ఎవరూ వేయరు.

దీని మీద నా స్నేహితులతో చాలాసార్లు వాదించాను. వాళ్ళు చెప్పే మాటలు రెండు. మొదటిది, వాళ్ళకి తెలిసే ఆడుతున్నారు, బోలెడు డబ్బు తీసుకుంటున్నారు, ఎవరూ బలవంతం చేయడం లేదు. డబ్బు సంగతి ముందు. పైన పది ఇరవై మందికి వచ్చేది చూసి అందరికీ అంతే అనుకుంటాం. చాలామందికి మూడు నాలుగు సీజన్లు కూడా దక్కవు. పాతికేళ్ళకి మోకాలు పోగొట్టుకుని, చేతిలో చదువూ పనీ లేకుండా బయటపడతారు. 2023లో ఆటగాళ్ళు కొత్త ఒప్పందం కోసం పోరాడినప్పుడు చొక్కాల మీద లీగ్ గుర్తుని టేపు అంటించి కప్పేశారు. ఆశపోతులన్నారు జనం. వాళ్ళు అడిగినవాటిలో, ఆట మానేశాక వైద్యానికి నిధి కూడా ఉంది. అలెక్స్ బర్డన్‌కి దక్కనిదాన్నే 116 ఏళ్ళ తర్వాత ఇంకోసారి అడిగారు.

బలవంతం లేదన్న మాటకి మా అన్నయ్య జవాబు చెప్పాడు. మావాడికి దెబ్బ తగిలిన వారంలో ఫోన్ చేసి మాట్లాడుతూ అడిగాను, "అన్నయ్యా, ఆ రోజు నువ్వు మళ్ళీ బరిలోకి దిగకుండా ఉండాల్సింది కదా?" అని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఎట్టా కూచుంటాన్రా, ఊరంతా చూస్తావుంటే?" అన్నాడు.

ఇన్నేళ్ళూ ఆ నిర్ణయం అన్నయ్యదే అనుకున్నాను. ఈలలు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను, పదమూడేళ్ళ వయసులో, గొంతు పోయేదాకా. 80 వేల మంది లేచి నిలబడి చూస్తున్నప్పుడు థర్‌స్టన్ భుజం పట్టుకుని బయటికి నడవగలిగేవాడా? నేను గీత అవతలి నుంచి చప్పట్లు కొడుతుంటే మావాడు కూర్చోగలిగేవాడా? వాడికి తల తిరుగుతున్నా నా మొహం చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకోసం.

రెండో మాట, నొప్పి లేకపోతే ఇక ఆట ఏముంది అంటారు. ఈ మాటని నేను తేలిగ్గా కొట్టిపారేయను. ఈ ఆట అందం సగం ధైర్యంలోనే ఉంది, వంద కిలోల మనిషి మీదికి పరుగెత్తడానికి గుండె కావాలి. దెబ్బలు తగులుతాయి, వేళ్ళు బెణుకుతాయి, పెదవి పగులుతుంది. దాన్ని ఓర్చుకోవడం నేర్చుకుంటే పిల్లలకు మంచిదే, మావాణ్ణి అందులో చేర్పించింది కూడా కొంత అందుకే. కాని తగిలే దెబ్బకి భయపడకపోవడం వేరు, తగిలిన దెబ్బని దాచిపెట్టడం వేరు. మొదటిది ధైర్యం. రెండోది మనం నేర్పుతున్న అబద్ధం. పదేళ్ళవాడు ట్రైనర్‌తో నాకేం కాలేదు అని ఏడుస్తూ చెప్పింది ఆ అబద్ధమే, నేర్పింది నేనే.

పిల్లల్ని ఈ ఆటకి పంపే మన తెలుగు తల్లిదండ్రులకి ఒక మాట. హెడ్‌గేర్ కొన్నాం కాబట్టి తలకి భయం లేదనుకోకండి, నేనూ అలాగే అనుకుని ఖరీదైనదే కొన్నాను. చర్మం చీరకుండా, చెవులు నలగకుండా అది కాపాడుతుంది. కాని కంకషన్ అయ్యేది పుర్రె లోపల, కుండని కుదిపితే తోడుకున్న పెరుగు అదిరినట్టు మెదడు అదరడం వల్ల. కుండకి గుడ్డ చుట్టినంత మాత్రాన లోపలి పెరుగు అదరకుండా ఉండదు. పిల్లాడు అయోమయంగా చూసినా, అడిగిందే అడుగుతున్నా, వెలుగు చూడలేకపోతున్నా ఆ రోజుకి ఆట ముగిసినట్టే. ఇంటికి తెచ్చేయండి, డాక్టర్‌కి చూపించండి.

మూడు వారాల విశ్రాంతిలో మావాడికి బాగా విసుగొచ్చింది. ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని 2017 మ్యాచ్ పాత వీడియో పెట్టుకున్నాం. థర్‌స్టన్ ఆ ఆఖరి తన్ను కోసం వెనక్కి నడుస్తుంటే మావాడు ఆపమన్నాడు.

"ఆయన చెయ్యి ఎందుకలా పెట్టుకున్నాడు?"

చెప్పాను.

"మరి ట్రైనర్ బయటికి తీసుకెళ్ళలేదా?"

"ఆయన వెళ్ళలేదు."

"వెళ్ళుంటే?"

"వేరేవాళ్ళు తన్నేవాళ్ళు. అది పడకపోతే అదనపు సమయం ఆడాల్సి వచ్చేదేమో, ఓడిపోయేవాళ్ళేమో నాన్నా."

వాడు రిమోట్ తీసుకుని ముందుకి జరిపేశాడు. వాడికి 2015 ఫైనల్ కావాలట, స్తంభానికి కొట్టుకునే బంతి చూడాలట. అది నాలుగుసార్లు చూశాడు.

పోయిన శనివారం డాక్టర్ చీటీ పట్టుకుని మళ్ళీ మైదానానికి వెళ్ళాం. ఆ ట్రైనర్ గేటు దగ్గర నారింజ ముక్కలు కోస్తోంది. ఆ రోజు మీతో వాదించినందుకు క్షమించండి అన్నాను. ఆవిడ చీటీ తీసుకుని చదివింది, మడిచి జేబులో పెట్టుకుంది. మావాణ్ణి పిలిచి నోరు తెరవమంది, పళ్ళకి పెట్టుకున్న మౌత్‌గార్డ్‌ని వేలితో కదిపి చూసింది. ఊడి చేతికి వచ్చింది. ఇది వేడినీళ్ళలో ముంచి సరిగ్గా కొరికించలేదు, పళ్ళకి పట్టుకోవడం లేదు, ఇవాళ ఆడనివ్వను, మళ్ళీ చేసి వచ్చే వారం తీసుకురా అంది.

మావాడు నా మొహం వంక చూశాడు. సరే అన్నాను. ఇద్దరం గట్టు మీద కూర్చుని నారింజ ముక్కలు తింటూ మ్యాచ్ మొత్తం చూశాం. ఇంటికొచ్చాక స్టవ్ మీద నీళ్ళు పెట్టాను.